హీబ్రూ బైబిలులో దైవశక్తి, పరిశుద్ధత

హీబ్రూ బైబిలులో పరిశుద్ధత (హీబ్రూ భాషలో కోదెష్) దేవునికి స్వతస్సిద్ధమైన గుణంగా వర్ణింపబడింది. ఆయన సన్నిధి వలన, ఆయన ఆజ్ఞ వలన కొన్ని స్థలాలకు, వస్తువులకు, దినాలకు, మనుషులకు కూడా ఆ స్థితి కలుగుతుంది. నేటి వాడుకలో పరిశుద్ధత అనగానే సత్ప్రవర్తన, నిష్కళంకమైన జీవితం గుర్తుకు వస్తాయి. అయితే ఈ గ్రంథాలలోని అనేక కథనాలలో పరిశుద్ధత అన్నిటికన్నా ముందు ఒక శక్తి. అది ఇంటిని ఆశీర్వదించగలదు, హద్దు మీరినవాని ప్రాణం తీయగలదు. ఇటువంటి శక్తి గల దేవుడు న్యాయవంతుడేనా, ఆయన సమీపంలో మనిషి ఎలా జీవించగలడు అనే ప్రశ్నలు ఈ గ్రంథాలలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. వాటికి వేర్వేరు రచయితలు ఇచ్చిన సమాధానాలు కూడా ఒకటి కావు.

హీబ్రూ బైబిలును యూదులు తనఖ్ అని పిలుస్తారు. తోరా (ధర్మశాస్త్రం), నెవీయీమ్ (ప్రవక్తలు), కెతువీమ్ (ఇతర రచనలు) అనే మూడు భాగాల పేర్లలోని మొదటి అక్షరాల నుండి ఈ పేరు ఏర్పడింది. యూదుల లెక్క ప్రకారం ఇందులో 24 గ్రంథాలున్నాయి. ఇవే గ్రంథాలు వేరే క్రమంలో, వేరే విభజనతో క్రైస్తవుల పాత నిబంధనలో ఉన్నాయి.

పదం, అర్థం

కోదెష్ (పరిశుద్ధత), కాదోష్ (పరిశుద్ధమైన), కిద్దెష్ (ప్రతిష్ఠించుట) అనే మాటలన్నీ "క-ద-ష" అనే మూడక్షరాల ధాతువు నుండి వచ్చినవి. ఈ ధాతువు అక్కాడియన్, ఉగారిత్, అరబ్బీ వంటి ఇతర సెమిటిక్ భాషలలో కూడా ఉంది. జెరూసలేముకు అరబ్బీలో ఉన్న అల్ ఖుద్స్ అనే పేరు దీనికి సంబంధించినదే. "వేరుచేయుట" అనేది ఈ ధాతువు అసలు అర్థమని తరచుగా చెప్తారు. వ్యుత్పత్తి రీత్యా ఇది రుజువు కాకపోయినా, వాడుకలో మాత్రం దేవునికొరకు ప్రత్యేకింపబడినది అనే భావం స్పష్టంగా కనిపిస్తుంది.

పరిశుద్ధత గురించిన నియమాలను అర్థం చేసుకోవడానికి రెండు వేర్వేరు జంటలను గుర్తుంచుకోవాలి. మొదటిది పరిశుద్ధం (కాదోష్), సామాన్యం (ఖోల్). రెండవది శుద్ధం (తాహోర్), అశుద్ధం (తామే). ఈ రెండు భేదాలను గుర్తించి ప్రజలకు బోధించడం యాజకుల విధి అని లేవీయకాండము 10:10-11 చెబుతుంది. ఒక సామాన్యమైన వస్తువు శుద్ధంగా ఉండవచ్చు, అశుద్ధం కూడా కావచ్చు. ఇంట్లో వాడే కుండ సామాన్యమైనది, సాధారణంగా శుద్ధమైనది. దానిలో చచ్చిన పురుగు పడితే అశుద్ధమవుతుంది. పరిశుద్ధమైనదానికి అశుద్ధం తగలడం మాత్రం ఎన్నడూ జరుగకూడనిది.

వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో సాధారణంగా కాదోష్‌కు "పరిశుద్ధ" అనే మాటను, తాహోర్‌కు "పవిత్ర" అనే మాటను ఉపయోగించారు. తెలుగులో ఈ రెండూ దాదాపు పర్యాయపదాలు. పైగా "పరిశుద్ధ" అనే మాటలోనే "శుద్ధి" ఉంది. అందువలన హీబ్రూలో స్పష్టంగా ఉన్న ఈ భేదం తెలుగు పాఠకుని దృష్టికి వెంటనే రాదు. హీబ్రూ గ్రంథాల ప్రకారం పరిశుద్ధత అంటే మలినం లేకపోవడం మాత్రమే కాదు, దేవునికి చెంది ఉండడం.

శక్తిని తెలిపే పేర్లు

దేవుని శక్తిని తెలపడానికి ఈ గ్రంథాలలో కోఅహ్ (బలం), గెవురా (పరాక్రమం) వంటి మాటలు వాడబడ్డాయి. చేయి, బాహువు, కుడిచేయి కూడా శక్తికి గుర్తులు. ఐగుప్తు నుండి ఇశ్రాయేలీయుల విడుదలను వర్ణించే చోట్ల బలమైన చేయి, చాచిన బాహువు అనే మాటలు పదేపదే వస్తాయి. ఎల్ షద్దాయ్ అనే పేరును తెలుగు బైబిలులో సర్వశక్తిగల దేవుడు అని అనువదించారు. "షద్దాయ్" అసలు అర్థం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. యెహోవా సెబావోత్ అనే పేరుకు సైన్యములకధిపతియగు యెహోవా అని అర్థం.

కావోద్ (మహిమ) అనే మాట "బరువు" అనే అర్థం గల ధాతువు నుండి వచ్చింది. దేవుని మహిమ మేఘంగాను, అగ్నిగాను కనబడుతుందని నిర్గమకాండము వర్ణిస్తుంది. పరిశుద్ధత కంటికి కనబడే రూపం మహిమ అని చెప్పవచ్చు. నిర్గమకాండము 15వ అధ్యాయంలోని సముద్రగీతం హీబ్రూ కవిత్వంలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి అని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ గీతంలో (15:11) దేవుని పరిశుద్ధత, ఆయన చేసే అద్భుతాలు ఒకే వచనంలో కీర్తింపబడ్డాయి.

సాన్నిధ్యం, భయం

బైబిలులో దేవుడు మొదట పరిశుద్ధపరచినది ఒక స్థలాన్నో వస్తువునో కాదు, ఏడవ దినాన్ని (ఆదికాండము 2:3). స్థల పరిశుద్ధత మోషే కథలో ప్రధానంగా ముందుకు వస్తుంది. మండుతున్నా కాలిపోని పొద దగ్గర, తాను నిలిచిన నేల పరిశుద్ధమైనది గనుక చెప్పులు విడువవలెనని మోషేకు ఆజ్ఞ కలుగుతుంది (నిర్గమకాండము 3:5). ఆ నేలకు స్వతహాగా ఏ విశేషమూ లేదు. దేవుడు అక్కడ ప్రత్యక్షమైనందువలననే అది పరిశుద్ధమైంది.

సీనాయి పర్వతం దగ్గర ఈ భావం మరింత తీవ్రమవుతుంది. పర్వతం చుట్టూ హద్దు ఏర్పరుస్తారు. దానిని ముట్టినవానిని రాళ్ళతోగాని బాణాలతోగాని చంపాలి, ఎవరూ వానిపై చేయి వేయకూడదు (నిర్గమకాండము 19:12-13). ముట్టినవానిని పట్టుకుంటే ఆ ప్రమాదం పట్టుకున్నవానికి కూడా అంటుకుంటుందన్న భావం ఈ నియమంలో కనిపిస్తుంది. దేవుని ముఖాన్ని చూచిన మనిషి బ్రతుకడని మోషేకే చెప్పబడింది. ఆయన బండ సందులో నిలిచి, దేవుని వెనుకభాగాన్ని మాత్రమే చూడగలుగుతాడు (నిర్గమకాండము 33:20-23). యాకోబు, గిద్యోను, సమ్సోను తండ్రి మానోహ కథలలో కూడా దేవుని లేదా దేవదూతను చూచిన తరువాత ప్రాణభయమో, ప్రాణం దక్కిందన్న ఆశ్చర్యమో కనిపిస్తుంది.

గుడారం, ఆలయం

ఇంత ప్రమాదకరమైన సన్నిధి ప్రజల మధ్య ఎలా నివసించగలదు? నిర్గమకాండము 25వ అధ్యాయం నుండి వర్ణింపబడిన ప్రత్యక్ష గుడారం ఈ సమస్యకు యాజకులు ఇచ్చిన సమాధానం. దీనిలో పరిశుద్ధత మెట్లుమెట్లుగా పెరుగుతుంది.

ఆవరణం: పొడవు 100 మూరలు, వెడల్పు 50 మూరలు. ఇక్కడ బలిపీఠం ఉంటుంది. బలులు తెచ్చేవారు గుడారపు ద్వారం వరకు రావచ్చు.

పరిశుద్ధ స్థలం: యాజకులు మాత్రమే ప్రవేశించవచ్చు. దీపస్తంభం, రొట్టెల బల్ల, ధూపవేదిక ఇక్కడ ఉంటాయి.

అతిపరిశుద్ధ స్థలం: ఇక్కడ నిబంధన మందసం ఉంటుంది. ప్రధాన యాజకుడు మాత్రమే ప్రవేశిస్తాడు.

వెలుపలి భాగాలలో కంచు, లోపలి భాగాలలో బంగారం వాడడం ద్వారా కూడా ఈ తారతమ్యాన్ని సూచించారు. ఏడవ నెల పదవ దినాన, అనగా ప్రాయశ్చిత్త దినాన (యోమ్ కిప్పూర్), ప్రధాన యాజకుడు ధూపంతో లోపలికి వెళ్తాడు. ఆయన చావకుండునట్లు ఆ ధూపపు పొగ మందసం మీది మూతను కమ్మాలి (లేవీయకాండము 16:13). ఆయన అంగీ అంచున ఉన్న గంటల గురించి కూడా ఇదే కారణం చెప్పబడింది (నిర్గమకాండము 28:35). యాజకుల వస్త్రధారణ, క్రమం, కొలతలు అలంకారం కోసం ఏర్పడినవి కావు, ప్రాణరక్షణ కోసం ఏర్పడిన నియమాలు. అహరోను కుమారులైన నాదాబు, అబీహు తమకు ఆజ్ఞాపింపబడని అగ్నిని తెచ్చినప్పుడు దేవుని సన్నిధి నుండి బయలుదేరిన అగ్ని వారిని దహించింది (లేవీయకాండము 10:1-2). అది విని అహరోను మౌనంగా ఉండిపోయాడని మాత్రమే గ్రంథం చెబుతుంది.

తరువాత జెరూసలేములో సొలొమోను కట్టించిన ఆలయంలో కూడా ఇదే విభజన ఉంది. అక్కడి గర్భాలయం పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 20 మూరలు (1 రాజులు 6:20). అయితే ఆలయ ప్రతిష్ఠ సమయంలో సొలొమోను చేసిన ప్రార్థనలోనే, ఆకాశాలు సైతం పట్టజాలని దేవుడు ఈ మందిరంలో ఎలా ఇముడుతాడన్న సందేహం వ్యక్తమవుతుంది (1 రాజులు 8:27).

మందసం కథలు

నిబంధన మందసం తుమ్మకఱ్ఱతో చేసి బంగారు రేకు తొడిగిన పెట్టె. దాని పొడవు రెండున్నర మూరలు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర మూరలు. దానిని చేతితో తాకకుండా మోతకఱ్ఱలతో మోయాలి. మోసే బాధ్యత గల కహాతీయులు కూడా దానిని ముట్టకూడదు (సంఖ్యాకాండము 4:15).

సమూయేలు మొదటి గ్రంథం ప్రకారం (4-6 అధ్యాయాలు) ఇశ్రాయేలీయులు మందసాన్ని యుద్ధానికి తీసుకువెళ్ళారు. అది తమతో ఉంటే గెలుపు తప్పదని వారి నమ్మకం. కాని వారు ఓడిపోయారు, మందసం ఫిలిష్తీయుల చేతికి చిక్కింది. దానిని అష్డోదులోని దాగోను గుడిలో ఉంచగా, దాగోను విగ్రహం దాని ముందు బోర్లపడి విరిగిపోయింది. మందసం వెళ్ళిన పట్టణాలలో వ్యాధి ప్రబలింది. ఏడు నెలల తరువాత ఫిలిష్తీయులు దానిని రెండు పాడి ఆవులు కట్టిన కొత్త బండి మీద తిరిగి పంపించారు. ఈ కథ చెప్పేది రెండు విషయాలు. దేవుని శక్తిని శత్రువులు బంధించలేరు, స్వంత ప్రజలు ఆయుధంగా వాడుకోనూ లేరు.

బేత్షెమెషు ప్రజలు దానిని ఆనందంతో ఎదుర్కొన్నారు. కాని అక్కడ కూడా మరణాలు సంభవించాయి. వారు మందసాన్ని చూచినందువలన అని హీబ్రూ పాఠం చెబుతుంది. గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో వేరే కారణం ఉంది. హీబ్రూ పాఠంలో చనిపోయినవారి సంఖ్య 70 అని, దాని ప్రక్కనే 50,000 అని ఉండడం వలన ఆ వాక్యం నకలు చేయడంలో చెడిపోయి ఉండవచ్చునని పండితులు భావిస్తారు. ఈ పరిశుద్ధ దేవుని ముందు ఎవరు నిలువగలరని ఆ ఊరివారు ప్రశ్నించారు (1 సమూయేలు 6:20). ఆ ప్రశ్నకు ఆ కథలో సమాధానం లేదు. వారు మందసాన్ని కిర్యత్యారీముకు పంపివేశారు.

ఉజ్జా మరణం

ఈ అంశంపై అత్యధికంగా చర్చింపబడిన కథ ఉజ్జాది (2 సమూయేలు 6). దావీదు మందసాన్ని జెరూసలేముకు బండి మీద తెప్పిస్తుండగా ఎద్దులు తొట్రుపడ్డాయి. మందసం పడకుండా ఉజ్జా చేయి చాపి పట్టుకున్నాడు. వెంటనే అక్కడే మరణించాడు. అతని ఉద్దేశం చెడ్డదని కథలో స్పష్టంగా ఎక్కడా లేదు. అతని తప్పును సూచించే హీబ్రూ మాట అర్థం కూడా నిశ్చితం కాదు. దావీదు మొదట కోపగించాడు, తరువాత భయపడ్డాడు. మందసాన్ని ఓబేదెదోము ఇంట ఉంచాడు. మూడు నెలలలో ఆ ఇల్లు ఆశీర్వాదం పొందింది. అదే శక్తి ఒకచోట మరణాన్ని, మరొకచోట శుభాన్ని కలిగించింది.

ఇదే సంఘటనను దినవృత్తాంతముల మొదటి గ్రంథం కూడా చెబుతుంది. అయితే తరువాతి కాలానికి చెందిన ఈ రచయిత ఒక వివరణ చేర్చాడు. మొదటిసారి లేవీయులు మందసాన్ని మోయనందువలన, విధి ప్రకారం దేవుని వెదకనందువలన ఆ కీడు కలిగిందని దావీదు చేత చెప్పించాడు (15:13). రెండవసారి లేవీయులు మోతకఱ్ఱలతో భుజాలపై మోశారు. మొదటి కథలో అంతుపట్టని శక్తిగా ఉన్నది, రెండవ కథలో తెలిసిన నియమాన్ని అతిక్రమించినందుకు కలిగిన ఫలితంగా మారింది. దేవుని శక్తి నియమబద్ధమైనదని చూపవలసిన అవసరాన్ని బైబిలు రచయితలే గుర్తించారనడానికి ఇది మంచి ఉదాహరణ.

ప్రవక్తలు: పరిశుద్ధత, న్యాయం

క్రీ.పూ. 8వ శతాబ్దపు ప్రవక్తల గ్రంథాలలో పరిశుద్ధత సామాజిక న్యాయంతో గట్టిగా ముడిపడింది. పేదలను అణగద్రొక్కడం, చెప్పుల జోడు కోసం దరిద్రులను అమ్మడం వంటి క్రియలను నిందిస్తూ, ఇటువంటి ప్రవర్తన వలన దేవుని పరిశుద్ధ నామం అపవిత్రమవుతుందని ఆమోసు అన్నాడు (2:6-7). ఇక్కడ అపవిత్రత ఆలయంలో కలగలేదు, వ్యాపారంలోను, ఇంటిలోను కలిగింది.

యెషయా గ్రంథం 6వ అధ్యాయంలో, ఉజ్జియా రాజు మరణించిన సంవత్సరంలో (సుమారు క్రీ.పూ. 740) ప్రవక్తకు కలిగిన దర్శనం ఉంది. ఆరేసి రెక్కలు గల సెరాపులు దేవుడు పరిశుద్ధుడని మూడుసార్లు పలుకుతుండగా గడప పునాదులు కదిలాయి, మందిరం పొగతో నిండింది. యెషయా తాను నశించితినని భావించాడు. అయితే అతడు తలచుకున్నది తన పెదవుల అశుద్ధాన్ని, తన ప్రజల పెదవుల అశుద్ధాన్ని. బలిపీఠం నుండి తెచ్చిన నిప్పు అతనిని దహించలేదు, శుద్ధి చేసింది. ఇశ్రాయేలు పరిశుద్ధుడు అనే బిరుదు యెషయా గ్రంథంలో సుమారు 25 సార్లు వస్తుంది. మిగిలిన గ్రంథాలలో అది అరుదు. పరిశుద్ధుడైన దేవుడు నీతి ద్వారానే తన పరిశుద్ధతను వెల్లడి చేస్తాడని 5:16 తెలుపుతుంది. 99వ కీర్తనలో కూడా దేవుని పరిశుద్ధత మూడుసార్లు ప్రకటింపబడి, ఆయన బలం న్యాయాన్ని ప్రేమించే రాజు బలంగా వర్ణింపబడింది.

హోషేయ గ్రంథంలో ఇంకొక మలుపు ఉంది. తన ప్రజలను శిక్షించడానికి సిద్ధపడిన దేవుడు మనసు మార్చుకుంటాడు. తాను మనిషిని కాను, వారి మధ్య ఉన్న పరిశుద్ధుడను గనుక నాశనం చేయనని అంటాడు (11:9). బేత్షెమెషు కథలో మరణానికి కారణమైన పరిశుద్ధతే ఇక్కడ కనికరానికి కారణమయింది.

లేవీయకాండము 19

లేవీయకాండములోని 17-26 అధ్యాయాలను "పరిశుద్ధతా నియమావళి" అంటారు. జర్మన్ పండితుడు ఆగస్ట్ క్లోస్టర్‌మన్ 1877లో ఈ పేరు పెట్టాడు. దేవుడు పరిశుద్ధుడు గనుక ప్రజలందరూ పరిశుద్ధులు కావాలన్నది దీని మూలసూత్రం (19:2). ఆ పరిశుద్ధత ఎలా ఉండాలో 19వ అధ్యాయం వివరిస్తుంది. పొలం అంచులను పూర్తిగా కోయకుండా పేదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. కూలివాని కూలి తెల్లవారేవరకు ఉంచుకోకూడదు. చెవిటివానిని తిట్టకూడదు, గ్రుడ్డివాని దారికి అడ్డం పెట్టకూడదు. పొరుగువానిని తనవలె ప్రేమించాలి. పరదేశిని కూడా అలాగే ప్రేమించాలి (19:34).

ఇదే అధ్యాయంలో బలిమాంసం తినవలసిన గడువు, రెండు రకాల నూలు కలిపిన బట్ట ధరించరాదన్న నియమం కూడా ఉన్నాయి. నీతి నియమాలు, ఆచార నియమాలు అనే విభజన ఈ రచయితకు లేదు. అందువలన పాత కాలపు భయం క్రమంగా తొలగి దాని స్థానంలో నీతి వచ్చిందని చెప్పడం సరికాదు. రెండూ ప్రక్కప్రక్కనే నిలిచాయి.

ఆలయం కూలిన తరువాత

క్రీ.పూ. 587/586లో బబులోను సైన్యం జెరూసలేమును, ఆలయాన్ని నాశనం చేసింది. దేవుని శక్తి ఓడిపోయిందా అన్నది ఆనాటి ప్రజల ముందున్న ప్రశ్న. బబులోనులో చెరలో ఉన్న యెహెజ్కేలు దీనికి దర్శనాల రూపంలో సమాధానమిచ్చాడు. ఆయన చూచిన దేవుని సింహాసనానికి చక్రాలున్నాయి. ప్రజల దోషం వలన దేవుని మహిమ ఆలయం కూలకముందే దానిని విడిచి వెళ్ళింది (10-11 అధ్యాయాలు). చెదరిపోయిన ప్రజలకు దేవుడే వారున్న దేశాలలో కొంతకాలం పరిశుద్ధ స్థలంగా ఉంటాడు (11:16).

క్రీ.పూ. 515 ప్రాంతంలో పూర్తయిన రెండవ ఆలయపు గర్భాలయంలో మందసం లేదు. క్రీ.పూ. 63లో రోమను సేనాని పాంపే ఆ గదిలోకి ప్రవేశించాడు. లోపల దేవతా విగ్రహమేదీ లేదని, ఆ స్థలం ఖాళీగా ఉందని చరిత్రకారుడు టాసిటస్ వ్రాశాడు. అయినా దాని పరిశుద్ధతపై నమ్మకం తగ్గలేదు. అన్యజాతీయులు అడ్డుగోడ దాటి లోపలికి వస్తే వారి మరణానికి వారే బాధ్యులని హెచ్చరించే గ్రీకు శాసనం 1871లో జెరూసలేములో దొరికింది. ప్రస్తుతం అది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. క్రీ.శ. 70లో రోమనులు ఈ ఆలయాన్ని కూడా నాశనం చేశారు.

ఆధునిక పరిశీలన

జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1917లో ప్రచురించిన గ్రంథంలో, పరిశుద్ధతకు మూలం మనిషిని ఏకకాలంలో వణికించి ఆకర్షించే ఒక రహస్యానుభవం అని వాదించాడు. సీనాయి, యెషయా దర్శనం వంటి ఘట్టాలకు ఈ వివరణ బాగా సరిపోతుంది. అయితే ఇది వ్యక్తిగత అనుభూతికి ప్రాధాన్యమిచ్చి, సమాజాన్ని నడిపించిన నియమాలను పట్టించుకోలేదన్న విమర్శ ఉంది.

మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో వెలువరించిన గ్రంథంలో, శుద్ధి నియమాలు ప్రపంచాన్ని క్రమపద్ధతిలో వర్గీకరించే ప్రయత్నమని వివరించింది. లేవీయకాండముపై మూడు సంపుటాల వ్యాఖ్యానం వ్రాసిన జేకబ్ మిల్‌గ్రోమ్ (1923-2010), అశుద్ధం మరణానికి, పరిశుద్ధత జీవానికి సంకేతాలని ప్రతిపాదించాడు. శవస్పర్శ, చర్మవ్యాధి, శరీర స్రావాలు అశుద్ధానికి ముఖ్య కారణాలు కావడం ఆయన వాదానికి ఆధారం.

తరువాతి సంప్రదాయాలలో

దేవుని పేరులోని నాలుగక్షరాలను ఉచ్చరించకుండా, చదివేటప్పుడు అదోనాయ్ (ప్రభువు) అనడం యూదుల ఆచారం. మృతసముద్రపు చుట్టలలో కొన్నింటిలో ఈ పేరును మాత్రం ప్రాచీన హీబ్రూ లిపిలో వ్రాశారు. యూదుల ప్రార్థనలలోని కెదుషా, కద్దీష్, సబ్బాతు రాత్రి ద్రాక్షారసంపై పలికే కిద్దూష్, వివాహానికి వాడే కిద్దుషీన్ అనే పేర్లన్నీ "క-ద-ష" ధాతువు నుండి వచ్చినవే. సెరాపుల త్రివిధ స్తుతి కొత్త నిబంధనలోని ప్రకటన గ్రంథంలోను (4:8), క్రైస్తవుల ఆరాధనలోను కొనసాగింది. ఖురానులో దేవునికి అల్ ఖుద్దూస్ అనే నామం ఉంది (59:23).

ఆలయం, మందసం, బలిపీఠం లేని నేటి యూదు సమాజాలలో పరిశుద్ధతకు ప్రధాన స్థానం సబ్బాతు దినం. యూదు తత్త్వవేత్త అబ్రహాం జాషువా హెషెల్ 1951లో ప్రచురించిన సబ్బాతు గ్రంథంలో ఈ విషయాన్ని వివరించాడు. ఆదికాండములో మొట్టమొదట పరిశుద్ధపరచబడినది కూడా ఆ దినమే.